నాలుగు చక్రాలూ లాగే స్పోర్ట్స్ కారుకి కొత్త టైర్లు: సుంకి ఘాటీ ఎక్కేవాళ్ల కోసం

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారులో నాలుగు టైర్లూ కలిపి ఒకే సామాను కింద లెక్క. ముందు చక్రాలు మాత్రమే లాగే మామూలు కారుకి ఒక టైరు పోతే ఒకటి, రెండు పోతే రెండు కొనుక్కుని సర్దుకోవచ్చు. ఆల్ వీల్ డ్రైవ్‌కి ఆ సర్దుబాటు చాలా కొద్దిగానే చెల్లుతుంది. అది దాటిందా, టైరు ధరకి ఎన్నో రెట్లు ఖరీదు చేసే సామాను బండి కింద చడీచప్పుడు లేకుండా అరగడం మొదలవుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి, సిమిలిగుడ, కోరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మీద, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి కొండదారుల్లో ఆడీ క్వాట్రో, బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్, మెర్సిడెస్ 4మ్యాటిక్ లాంటి బళ్లు నడిపేవాళ్లు టైర్లు మార్చే ముందు ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో ఇక్కడ చెబుతున్నాం.

1. షాపుకి ఫోన్ చేసే ముందు కొలవండి

ట్రెడ్ (నేలని తాకే, గాళ్లున్న టైరు పైపొర) లోతు కొలిచే గేజి ఒకటి కొనండి, పెద్ద ఖరీదు కాదు. ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు, ఇలా మూడు చోట్ల కొలవాలి. చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ ఆ మూడు చోట్లే కొలవాలి. కాగితం మీద కారుని పైనుంచి చూసినట్టు గీసి, నాలుగు మూలలా అంకెలు రాయండి. గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది. అది అరుగుదల గుర్తు, 1.6 మి.మీ. ఎత్తు. గేజి మొన దాని మీద పడితే లోతు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ గట్టు ఎక్కడుందో తెలియకపోతే టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు వెతకండి, దానికి సూటిగా లోపల ఉంటుంది.

ట్రెడ్ ఆ గట్టుతో సమమైతే, అంటే 1.6 మి.మీ.కి దిగితే, టైరు చట్టం ప్రకారం కూడా పనికిరాదు. అక్కడిదాకా ఆగకండి. మీ టైరు వెడల్పు 225 నుంచి 255 మి.మీ. అంత వెడల్పు కింద నిలిచిన వాన నీళ్లని బయటికి తోసే పని ఆ గాళ్లదే. లోతు 3 మి.మీ. కంటే తగ్గాక జోరువానలో 80 కి.మీ. వేగం దగ్గరే టైరు నీళ్ల మీద తేలడం మొదలుపెట్టొచ్చు. తేలిన టైరుకి బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా ఉపయోగం లేదు. అందుకని 3 మి.మీ. కనబడితే వానాకాలం లోపే మార్చేయండి. మే నెలాఖరుకి కొత్త టైర్లు ఎక్కి ఉండాలి.

రాసుకున్న అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టి నడిపారు. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువ. లోపలి అంచు ఒక్కటే గుండైతే ఎలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక, తప్పింది. జర్మన్ స్పోర్ట్స్ సెడాన్లలో వెనక చక్రాలు కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి, కనుక లోపలి అంచు కాస్త ముందు అరగడం సహజమే. తేడా 2 మి.మీ. దాటితే మాత్రం సహజం కాదు. చేత్తో తడిమితే ఎగుడుదిగుడుగా, వరసగా చిన్న చిన్న గుంటలు తగిలితే షాకబ్జార్బర్లు చూపించండి. ఈ కారణాలు సరిచేయకుండా కొత్త సెట్టు ఎక్కిస్తే అదీ అలాగే అరిగిపోతుంది.

2. చుట్టుకొలత లెక్క: అసలు పీకులాట ఇక్కడే

225/45 ఆర్18 సైజు తీసుకుందాం. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 45 అంటే ఆ వెడల్పులో 45 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 101 మి.మీ. 18 అంటే అంగుళాల్లో రిమ్ము. రిమ్ము 457 మి.మీ., దానికి పైనా కిందా రెండు పక్కగోడలు కలిపితే చక్రం వ్యాసం దాదాపు 660 మి.మీ. చుట్టుకొలత 2,072 మి.మీ.

కొత్త టైరు ట్రెడ్ 8 మి.మీ. ఉందనుకోండి. పక్కదాని ట్రెడ్ 3 మి.మీ.కి అరిగింది. వ్యాసంలో తేడా 10 మి.మీ., చుట్టుకొలతలో 31 మి.మీ. కొత్తది కిలోమీటరుకి 482 సార్లు తిరిగితే పాతది 490 సార్లు తిరగాలి. కిలోమీటరుకి ఏడు చుట్ల పైచిలుకు తేడా. 200 కి.మీ. ప్రయాణంలో అది దాదాపు 1,500 చుట్లు.

ఆ తేడా చుట్లు ఎక్కడికో పోవాలి కదా. మలుపులో నాలుగు చక్రాలూ నాలుగు వేగాలతో తిరుగుతాయి. చక్రాలని వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, దానికోసమే ఉంది. కానీ మలుపు కొన్ని సెకన్లలో అయిపోతుంది. టైర్ల తేడా మాత్రం బండి కదిలినంతసేపూ ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌లో ముందుకీ వెనక్కీ బలం పంచేది ట్రాన్స్‌ఫర్ కేసు లోపల నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల కట్ట. ఇంజను అడ్డంగా ఉండే చాలా బళ్లలో అలాంటి కట్టే వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఎప్పుడూ వేరు వేగాలతో తిరిగితే ఆ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. నూనె వేడెక్కి మాడుతుంది, ప్లేట్లు అరుగుతాయి. పాత ఆడీల్లో ఉన్న టోర్సెన్ గేర్ల పద్ధతి ఇంకాస్త ఓపిక పడుతుంది, అయినా దానికీ హద్దు ఉంది.

దెబ్బ తగిలిందని తెలిసే గుర్తులు ఇవి. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిపితే బండి కుదుపుతో ఆగి ఆగి వెళ్లడం. 20 నుంచి 40 కి.మీ. వేగం మధ్య యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే సన్నటి వణుకు. డ్రైవ్‌ట్రెయిన్ హెచ్చరిక దీపం. ఇందులో ఏది కనబడినా ముందు టైర్లు కొలవండి. కొలవకుండా గేర్‌బాక్స్ విప్పించకండి.

ఎంత తేడా పరవాలేదు? సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళం, అంటే 6 మి.మీ. చిల్లర, దాటకూడదంటుంది. ట్రెడ్ లోతులో అది దాదాపు 1 మి.మీ. వేరే కంపెనీలు కొన్ని ఇంకాస్త వదులు ఇస్తాయి. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెదే చివరి మాట. అక్కడ అంకె లేకపోతే ట్రెడ్ లోతు తేడా 1.5 మి.మీ. దగ్గర ఆగండి.

గేజి మీద నమ్మకం కుదరకపోతే ఇంటి ముందే చూసుకునే పద్ధతి ఒకటుంది. చదునైన సిమెంటు నేల మీద నాలుగు చక్రాలకీ గాలి సరిచేసి, టైరు నేలని తాకే చోట టైరు మీదా నేల మీదా ముగ్గుపిండితో గీత గీయండి. బండిని సూటిగా తోసి, టైరు మీది గీత మూడోసారి కిందికి వచ్చినప్పుడు నేల మీద మళ్లీ గీత గీయండి. టేపుతో కొలిచి మూడుతో భాగించండి. బరువు మోస్తున్న టైరు అసలు దొర్లే దూరం ఇది. నాలుగింటినీ ఇలాగే కొలిచి పోల్చండి.

ఇక ఎన్ని కొనాలి అన్నది ఈ అంకెల్ని బట్టే. మిగిలిన మూడింటి ట్రెడ్ 6.5 మి.మీ. పైన ఉండి ఒక్కటే కోసుకుపోతే, అదే కంపెనీ, అదే మోడల్, అదే సైజు ఒక్కటి వేయొచ్చు. 4 మి.మీ. కంటే తక్కువైతే ఆలోచించే పని లేదు, నాలుగూ మార్చండి. చిక్కంతా మధ్యలో ఉన్నప్పుడే. 5 మి.మీ. ట్రెడ్ మిగిలిన బండికి ఒక ఇరుసు మీద రెండు కొత్తవి వేయమని షాపులో సలహా ఇస్తారు. మామూలు కారుకి అది మంచి సలహాయే. మీ కారుకి అది ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ శాశ్వతంగా తగవు పెట్టడం. అప్పుడు నాలుగూ కొనండి, లేదా అదే మోడల్‌లో అంతే అరిగిన, వయసు తక్కువున్న, మరమ్మతు లేని వాడిన టైరు ఒకటి వెతకండి. విశాఖ, భువనేశ్వర్ లాంటి పెద్ద ఊళ్ల షాపుల్లో ఇలాంటివి అప్పుడప్పుడు దొరుకుతాయి. గేజి పట్టుకుని వెళ్లి మీ చేత్తో కొలిచాకే డబ్బులివ్వండి.

3. సైజు: ముందొకటి వెనకొకటి ఉంటే

డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. సైజు, గాలి, రెండూ అక్కడ చూడండి. బండి మీద ఇప్పుడున్న టైరు చూసి సైజు రాసుకోకండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే మరీ, ముందు యజమాని ఏం మార్చాడో మీకు తెలియదు.

చాలా స్పోర్ట్స్ సెడాన్లలో ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18 లాంటి జత ఉంటుంది. వెడల్పు వేరైనా వ్యాసం చూడండి: ముందు 659.7, వెనక 661.2 మి.మీ. తేడా ఒకటిన్నర మి.మీ. మాత్రమే. కంపెనీ ఎంత జాగ్రత్తగా కుదిర్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. వెనక దిట్టంగా కనబడాలని 255/45 వేస్తే వ్యాసం దాదాపు 687కి పోతుంది, నాలుగు శాతం తేడా. ఆ తేడాకి క్లచ్ కట్ట ఎన్నాళ్లో ఆగదు.

మా గట్టి సలహా ఒకటి. మీ బండి 19 అంగుళాల రిమ్ములతో వచ్చి, అదే మోడల్‌కి కంపెనీ 18 అంగుళాలవి కూడా ఇస్తుంటే, 18కి దిగండి. 255/35 ఆర్19 వ్యాసం 661.1, 255/40 ఆర్18 వ్యాసం 661.2, అంటే చక్రం ఎత్తు మారదు. పక్కగోడ మాత్రం 89 నుంచి 102 మి.మీ.కి పెరుగుతుంది. వానలకి రోడ్డు అంచు విరిగి గుంట పడినప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ఉండే ఆ 13 మి.మీ. రబ్బరే రిమ్ముని కాపాడుతుంది. టైరు ధరా తగ్గుతుంది, దొరకడమూ సులువు. పెద్ద బ్రేకులున్న మోడల్‌కి 18 రిమ్ము లోపల కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని పట్టి ఉంచే భాగం) తగలదని ముందు తేల్చుకోవాలి. రిమ్ముని ఒకసారి బిగించి చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

సైజు తర్వాత వచ్చే 95వై లాంటి గుర్తులో అంకె బరువుకి, అక్షరం వేగానికి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 95 అంటే 690, 98 అంటే 750. అక్షరాల్లో హెచ్ గంటకి 210 కి.మీ., వి 240, డబ్ల్యూ 270, వై 300. ఘాటీలో ఎవరూ 300 వెళ్లరు, అయినా తక్కువ అక్షరానికి దిగకండి. ఆ అక్షరం టైరు వేడిని ఎంతవరకు తట్టుకోగలదో కూడా చెబుతుంది. ఎక్స్‌ఎల్ అని ఉంటే గట్టి గోడ. మీ పాతది ఎక్స్‌ఎల్ అయితే కొత్తదీ అదే కావాలి.

4. ఏ రకం: ముందు తడి పట్టు, తర్వాతే మిగతావి

సుంకి ఎక్కేటప్పుడు జులైలో ఒక మలుపు ఎండగా, రెండో మలుపు మబ్బులో, మూడో మలుపులో కొండ మీంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి రోడ్డుకి అడ్డంగా ఉంటాయి. పంటల కాలంలో కొన్నిచోట్ల చోళ్లూ వడ్లూ రోడ్డు మీదే ఆరబోస్తారు, ఎండుగడ్డి మీద టైరు జారుతుంది. ఈ దారికి ఎండలో రేసు ట్రాకు మీద గొప్పగా పట్టే టైరు కంటే వానలో నమ్మకంగా ఆపే టైరు మేలు.

స్పోర్ట్స్ కారుకి దొరికే టైర్లు స్థూలంగా మూడు తరగతులు. మొదటిది రేసు ట్రాకు మీదకి పనికొచ్చే మెత్తని రబ్బరు, గాళ్లు తక్కువ. అది మన దారులకి వద్దు. రెండోది రోడ్డు మీద వాడే ఉత్తమ స్థాయి వేసవి టైరు: మిషెలిన్ పైలట్ స్పోర్ట్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1, పిరెల్లి పి జీరో, అపోలో వారి వ్రెడెస్టీన్ అల్ట్రాక్ వోర్టి ఈ కోవలోవి. వేసవి అన్న పేరు చూసి వానకి పనికిరాదనుకోవద్దు, వెచ్చని వానలో వీటి పట్టే గొప్పది. మూడోది టూరింగ్ టైరు: చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ, పక్కగోడ కాస్త మెత్తన, పదును కొంచెం తక్కువ. నెలకి రెండుసార్లు విశాఖ వెళ్లొచ్చే బండి, ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కే బండి అయితే ఈ తరగతిలో మంచిది ఎంచుకోవడం తెలివైన పని. ఇష్టంగా నడిపే బండైతే రెండో తరగతి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చలి సంగతి ఆలోచించాలి. వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల కింద గట్టిపడి పట్టు కోల్పోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సిమిలిగుడ, పొట్టంగి, దేవమాలి కొండ చుట్టుపక్కల ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకి దిగుతుంది. దీనికోసం చలికాలపు టైర్లు కొనక్కర్లేదు. ఉదయం మొదటి పది, పదిహేను కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు. దేవమాలికి సూర్యోదయం చూడ్డానికి చీకట్లో బయల్దేరేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి, మంచు తడిసిన మలుపులో చల్లటి వేసవి టైరు హెచ్చరిక లేకుండా జారుతుంది.

పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని అంకె ఉంటే అది మన్నిక పోలిక. 200, 300 ఉన్నవి మెత్తనివి, 400, 500 ఉన్నవి ఎక్కువ నడుస్తాయి. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికే ఈ అంకె పనికొస్తుంది, ఎందుకంటే ఎవరి టైరుకి వాళ్లే అంకె ఇచ్చుకుంటారు. దాని పక్కన ట్రాక్షన్‌కి ఏఏ, ఏ, బి, సి ఉంటాయి. అది తడి నేల మీద సూటిగా బ్రేకు కొట్టినప్పటి పట్టు. ఏఏ లేదా ఏ ఉన్నదే తీసుకోండి. యూరప్ లేబుల్ ఉంటే అందులో వాన మబ్బు బొమ్మ పక్కన అక్షరం చూడండి, ఏ అన్నింటికంటే మంచిది.

నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి. ముందు ఒక మోడల్, వెనక ఇంకో మోడల్ వేస్తే సైజు రాత ఒకటే అయినా అసలు వ్యాసంలో కొన్ని మిల్లీమీటర్లు తేడా రావచ్చు. పైగా తడిలో ఒక ఇరుసు ముందు జారుతుంది, ఏది ముందో తెలిసేసరికి మలుపు మధ్యలో ఉంటారు.

5. గుర్తులు, వయసు, రన్‌ఫ్లాట్

కార్ల కంపెనీలు తమ బండికి తగ్గట్టు చేయించిన టైర్ల మీద గుర్తు వేయిస్తాయి. బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ, ఆడీకి ఏఓ, పోర్షేకి ఎన్ అక్షరం పక్కన అంకె. ఎక్స్‌డ్రైవ్ బండికి నక్షత్రం ఉన్న సెట్టు దొరికితే తీసుకోండి, ముందూ వెనకా దొర్లే కొలతలు కుదిరి ఉంటాయి. దొరక్కపోతే గుర్తు లేనివి నాలుగూ ఒకే రకం వేసుకోండి. గుర్తున్నవి రెండు, లేనివి రెండు మాత్రం కలపకండి.

ఐఎస్ఐ ముద్ర, దాని దగ్గర ఐఎస్ 15636 అన్న అంకె ఉన్నాయో లేదో చూడండి. మన దేశంలో అమ్మే కారు టైరుకి అది తప్పనిసరి. తర్వాత డాట్ (DOT) అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలు. 1425 ఉంటే 2025వ సంవత్సరం 14వ వారంలో తయారైంది. నాలుగు టైర్లకీ చూడండి. ఏడాది లోపువి అడగండి, రెండేళ్లు దాటినవి వద్దనండి. నాలుగింటి మధ్య మూడు నెలలకి మించి తేడా లేకపోతే మంచిది. ఆ రాత కొన్ని టైర్లకి ఒక పక్కనే పూర్తిగా ఉంటుంది, కాబట్టి బిగించక ముందే చూసుకోవాలి.

2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని లైసెన్సు కిందికి తెచ్చింది. అప్పట్నుంచి అరుదైన సైజులు అడిగిన రోజే దొరక్కపోవచ్చు, వారాలు పట్టొచ్చు. గుండయ్యాక వెతకడం మొదలుపెడితే ఏది దొరికితే అది వేసుకోవాల్సి వస్తుంది. 4 మి.మీ. దగ్గరే ఆర్డరు పెట్టండి. 

రన్‌ఫ్లాట్ టైరు గాలి పూర్తిగా పోయినా సాధారణంగా 80 కి.మీ. వేగం మించకుండా 80 కి.మీ. దూరం నడుస్తుంది. సుంకి మధ్యలో రాత్రి పంక్చరైతే సాలూరుకో సిమిలిగుడకో చేరడానికి అది సరిపోతుంది. దాని గోడ గట్టిది, గుంటలో కుదుపు నేరుగా తగులుతుంది. మామూలు టైర్లకి మారితే ప్రయాణం సుఖంగా ఉంటుంది, కానీ రన్‌ఫ్లాట్‌తో వచ్చే చాలా బళ్లలో స్టెపినీ ఉండదు, పంక్చరైతే ఆధారం ఉండదు. మారేవాళ్లు డిక్కీలో గాలి కొట్టే చిన్న కంప్రెసర్, పంక్చర్ కిట్, మంచి టార్చి తప్పకుండా పెట్టుకోవాలి. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలువి కలపడం మాత్రం ఎప్పుడూ వద్దు.

6. ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి

సునాబెడాలో, జయపురంలో, రాయగడలో, బరంపురంలో టైర్ల షాపులు ఉన్నాయి, పనివాళ్లూ నేర్పరులే. అడగాల్సింది వాళ్ల యంత్రం గురించి. సన్నని పక్కగోడ టైరుని ఇనప లివరుతో పీకితే రిమ్ము అంచు గీసుకుపోతుంది, బీడు (రిమ్ముని పట్టుకునే టైరు అంచు) చిరుగుతుంది, గాలి ఒత్తిడి చెప్పే సెన్సరు విరుగుతుంది. పక్క చెయ్యి ఉన్న టైర్ ఛేంజరు, రిమ్ముకి ప్లాస్టిక్ తొడుగులు ఉన్నాయా అని అడగండి. లేకపోతే ఆ పని విశాఖలోనో, బరంపురం వాళ్లైతే భువనేశ్వర్‌లోనో చేయించుకోవడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఏ శాతం వేశారో చూసుకోండి. ఆ బిల్లు మీద నాలుగు టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకుంటే వారంటీకి పనికొస్తుంది.

దగ్గరుండి చూడాల్సినవి ఇవి. పాత వాల్వులు తీసి కొత్తవి వేయాలి. సెన్సరు ఉంటే దాని రబ్బరు సీలు మార్చాలి. అవుట్‌సైడ్ అన్న రాత బయటికే ఉండాలి. బాణం గుర్తున్న టైరైతే బాణం ముందుకి తిరిగే దిక్కునే చూపాలి. ఎడమ కుడి తారుమారైతే గాళ్లు నీళ్లని బయటికి తోయడానికి బదులు లోపలికి లాగుతాయి.

బోల్టులు గాలి తుపాకీతో చివరిదాకా బిగించనివ్వకండి. టార్క్ రెంచితో, ఎదురెదురుగా నక్షత్రం గీసినట్టు బిగించాలి. చాలా జర్మన్ కార్లకి అది 120 నుంచి 140 న్యూటన్ మీటర్లు, మీ అంకె మాన్యువల్లో ఉంటుంది. ఎక్కువ బిగిస్తే బ్రేకు డిస్కు వంకర తిరిగి ఘాటీ దిగేటప్పుడు పెడల్ అదురుతుంది. 50 నుంచి 100 కి.మీ. నడిచాక మళ్లీ ఒకసారి అదే రెంచితో సరిచూడాలి.

బ్యాలెన్సింగ్ నాలుగింటికీ, ఎలైన్‌మెంట్ నాలుగు చక్రాలకీ. ముందు రెండే చేసి ఇస్తే ఒప్పుకోకండి, వెనక చక్రం కోణం తప్పితే కొత్త టైరు లోపలి అంచు త్వరగా పోతుంది. ముందూ తర్వాతా తీసిన కాగితాలు రెండూ అడిగి తీసుకోండి. తర్వాత బండిలో టైర్ ప్రెషర్ రీసెట్ చేయాలి.

7. గాలి, కొండ, మైదానం

గాలి చల్లటి టైరులోనే చూడాలి, అంటే బండి మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. జనవరి తెల్లారుజామున కోరాపుట్‌లో 10 డిగ్రీల దగ్గర గాలి సరిచేసి, మధ్యాహ్నం విశాఖలో 30 డిగ్రీల్లో చూస్తే నాలుగు పీఎస్ఐ దాకా పెరిగి కనబడాలి. అదే సమయంలో ఎత్తు ఇంకో లెక్క చేస్తుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. సముద్రమట్టానికి దిగితే బయటి వాతావరణ ఒత్తిడి పెరిగి గేజి మీద సుమారు 1.4 పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. అందుకని విశాఖలో కనబడే పెరుగుదల మూడు పీఎస్ఐ లోపే ఉంటుంది. ఘాటీ దిగి బ్రేకుల వేడితో ఉన్న టైరు మీద గేజి పెట్టి గాలి ఎక్కువైందని తీయకండి. రాత్రికి చల్లబడ్డాక తక్కువైపోతుంది, మర్నాడు గుంటలో పడితే గోడ నలిగి బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరు ఎంత కొత్తదైనా తీసేయాల్సిందే.

స్టిక్కరు మీద ముందుకీ వెనక్కీ, ఇద్దరు ఎక్కితే ఒకటి, నిండా ఎక్కితే ఒకటి అంకెలుంటాయి. దాన్నే పాటించండి. నాలుగింటికీ 35 పెట్టి పంపే అలవాటు పంక్చర్ షాపుల్లో ఉంది. పనివాడిని పక్కన నిలబడి చూడండి.

కొత్త టైరు మీద తయారీలో పూసిన జారుడు పూత ఉంటుంది. మొదటి 300 కి.మీ. గట్టి బ్రేకు, గట్టి మలుపు వద్దు. విశాఖలో బిగించుకుని ఆ సాయంత్రమే వానలో సుంకి ఎక్కాల్సి వస్తే ఎప్పటికంటే నిదానంగా ఎక్కండి.

నాలుగూ ఒకే సైజైతే 8,000 నుంచి 10,000 కి.మీ.కి ఒకసారి స్థానాలు మార్పించండి. బాణం గుర్తున్నవి అదే పక్క ముందుకీ వెనక్కీ మాత్రమే మారతాయి. లేనివి అడ్డంగా కూడా మార్చొచ్చు. ముందూ వెనకా వేరు సైజులైతే ముందు వెనకల మార్పు కుదరదు. అలాంటి బండికి 5,000 కి.మీ.కి ఒకసారి గేజి పట్టుకుని కూర్చోవడమే మార్గం.

8. దారిలో ఒక టైరు కోసుకుపోతే

ట్రెడ్ మధ్యలో మేకు దిగి రంధ్రం 6 మి.మీ. లోపు ఉంటే మరమ్మతు చేయొచ్చు. రోడ్డు పక్క షాపులో బయటినుంచి పొడిచే తాడు ఊరు చేరడానికి సరే. ఊరు చేరాక టైరు విప్పించి లోపలినుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్ వేయించండి. పక్కగోడ కోస్తే, భుజం మీద పొడుచుకుంటే మరమ్మతు లేదు. ఎంత బతిమాలినా ఒప్పుకోని షాపువాడు నిజాయితీపరుడని అర్థం.

స్టెపినీ చిన్నదైతే దాని మీద రాసిన వేగం, సాధారణంగా 80, దాటకుండా దగ్గరి ఊరికి చేరండి. చిన్న స్టెపినీతో కోరాపుట్ నుంచి విశాఖ దాకా రావాలని చూడకండి. ముందు చెప్పిన తేడా లెక్క అంతా ఆ ఒక్క చక్రం మీద పడుతుంది. అసలు కదలని స్థితిలో ఉంటే లారీ మీదికి పూర్తిగా ఎక్కించే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. రెండు చక్రాలు పైకెత్తి రెండు నేల మీద దొర్లిస్తూ లాక్కెళ్లే బండి వస్తే వెనక్కి పంపేయండి. ఫోన్ చేసేటప్పుడే బండి ఆల్ వీల్ డ్రైవ్ అని, ఫ్లాట్‌బెడ్ తప్ప వేరేది వద్దని స్పష్టంగా చెప్పాలి. సాలూరు నుంచి వచ్చేవాళ్లకి తెలుగులో, కోరాపుట్ నుంచి వచ్చేవాళ్లకి ఒడియాలోనో హిందీలోనో చెప్పండి. ఘాటీలో సిగ్నల్ తెగిపోయేలోపు ఏ మైలురాయి దగ్గర ఉన్నారో ఆ మాట కూడా అందించండి.